ఈస్టర్ దీవి గురించి ఇన్నాళ్ళూ నేను చెప్పిన కథ తప్పు



నా శిక్షణలకు వచ్చినవాళ్ళకు ఈస్టర్ దీవి కథ గుర్తుండే ఉంటుంది. ఆ కథ చెప్పకుండా నేను ఏ శిక్షణా ముగించేవాణ్ణి కాదు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఒక చిన్న దీవి. అక్కడి జనం పెద్ద పెద్ద రాతి బొమ్మలు చెక్కే పిచ్చిలో పడ్డారు. వాటిని లాగడానికి చెట్లన్నీ నరికేశారు. ఆఖరి చెట్టు కూడా నరికాక మట్టి కొట్టుకుపోయింది, తిండి లేక ఒకరినొకరు చంపుకున్నారు, మనం కూడా ఇట్లాగే చేస్తే మనకూ అదే గతి. ఇదీ కథ. ఇది మొదలుపెట్టేసరికి వెనక వరసలో కునుకు తీసేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. మన పాత వీడియోల్లో మూడింట్లో ఇది ఉంది.

ఆ కథ తప్పు. చెట్లు పోయిన మాట నిజమే. కానీ మిగతా కథలో మనం ఆ దీవి రైతుల్ని మూర్ఖుల్ని చేసి చెప్పుకున్నాం. పోయిన ఏడాది నేను ఆ దీవికి పోయి వచ్చాను. పైన పెట్టిన వీడియోలో మీరు చూసిన చేలు, రాళ్ళు అక్కడివే. వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగం మీద చిలీ దేశంలో శాంటియాగోలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోయినప్పుడు, ఇంత దూరం వచ్చావు గదా నాయనా, ఎప్పుడూ చెప్పే ఆ దీవి చూడవా అని అమ్మాయే టికెట్టు తీసింది. శాంటియాగో నుంచి విమానంలో ఐదు గంటల పైమాట. కింద నీళ్ళు తప్ప ఇంకేమీ కనబడదు. దగ్గరలో మనుషులున్న ఇంకో దీవి రెండువేల కిలోమీటర్ల దూరం. మొత్తం వైశాల్యం 164 చదరపు కిలోమీటర్లు, మూడు మూలలా మూడు అగ్నిపర్వతాలు, ఉన్న ఊరు హంగా రోవా ఒక్కటే. అక్కడి వాళ్ళు తమ దీవిని రాపా నుయీ అంటారు, తమనూ అదే పేరుతో పిలుచుకుంటారు. 1722లో డచ్చి నావికుడు రోగెవీన్ ఈస్టర్ పండగ రోజున దిగాడు కాబట్టి మనకు అది ఈస్టర్ దీవి అయింది. ముప్పై రోజులకు మించి ఉండనివ్వరు, తిరుగు టికెట్టు చూపించాలి, చాలా చోట్లకు స్థానిక గైడు లేకుండా పోనివ్వరు. విగ్రహాల్ని తాకడం నేరం. ఈ పద్ధతి నాకు నచ్చింది. గుడిమల్లం లాంటి చోట కూడా ఫోటో కోసం ఏం చేయడానికైనా సిద్ధపడే జనాన్ని చూశాను కాబట్టి చెప్తున్నా.

మాకు గైడుగా వచ్చినావిడ నాకంటే పదేళ్ళు చిన్న. ఆమెకు సొంతంగా అరటి, చామ, గెనుసు గడ్డ తోట ఉంది. ఆమె స్పానిష్‌లో చెప్పేది, మా అమ్మాయి తెలుగులో చెప్పేది. నేను రైతునని తెలిసినప్పటి నుంచి ఆమె విగ్రహాల గురించి తక్కువ, నేల గురించి ఎక్కువ చెప్పింది. అదృష్టం నాది.

మొదట వాళ్ళ పుట్టుక కథ చెప్పింది. పడమట ఎక్కడో హీవా అనే సీమ మునిగిపోతూ ఉంది. అక్కడి రాజు హోతు మాతువా దగ్గర హావు మాకా అనే పెద్దాయనకు కల వచ్చింది, అతని ఆత్మ సముద్రం దాటి ఈ దీవిని చూసింది. రాజు ముందుగా ఏడుగురు కుర్రాళ్ళను పంపాడు. వాళ్ళు వచ్చి దీవి అంతా తిరిగి చూసి పెండలం నాటారు. తర్వాత రాజు, రాణి, పరివారం పడవల్లో వచ్చి అనాకేనా అనే ఇసుక తీరంలో దిగారు. అరటి పిలకలు, చెరుకు, చామ, గెనుసు గడ్డ, నారచెట్టు, కోళ్ళు, అన్నీ ఆ పడవల్లోనే వచ్చాయంటారు. ఇంతవరకు విని నేను ఆపమన్నాను. ఊరు మారేముందు మనుషుల్ని పంపి దుంప నాటించిన రాజు ఏ పురాణంలో ఉన్నాడు చెప్పండి? యుద్ధాలు గెలిచిన రాజుల కథలు కావలసినన్ని విన్నాం.

పండితుల లెక్కలో మనుషులు అక్కడికి చేరింది 1200 ప్రాంతంలో. కథకూ లెక్కకూ పెద్ద గొడవేమీ లేదు.

ఇక విగ్రహాలు. వాటిని మోఆయి అంటారు. దీవి మొత్తం మీద దాదాపు తొమ్మిదొందలకు పైగా ఉన్నాయి. దాదాపు అన్నీ రానో రరాకు అనే ఒకే కొండ రాయి నుంచి చెక్కినవి. అగ్నిపర్వతం బూడిద గట్టిపడి అయిన మెత్తటి రాయి అది. నాలుగు వందల దాకా ఇప్పటికీ ఆ కొండ దగ్గరే ఉండిపోయాయి, కొన్ని భుజాల దాకా మట్టిలో కూరుకుపోయి తలలు మాత్రం కనబడతాయి. ఒకటి కొండలోనే పడుకుని ఉంది, పూర్తయి ఉంటే 21 మీటర్లు. తోంగారికి అనే చోట పదిహేను వరుసగా నిలబడి ఉంటాయి. 1960లో వచ్చిన సునామీ వాటిని చెల్లాచెదురు చేస్తే 1990లలో జపాన్ వాళ్ళ క్రేన్ సాయంతో మళ్ళీ నిలబెట్టారు. అవన్నీ సముద్రానికి వీపు పెట్టి ఊళ్ళ వైపు, చేల వైపు చూస్తుంటాయి. పోయిన పెద్దల బొమ్మలు అవి. పెద్దలు ఎటు చూడాలో అటే చూస్తున్నారు. అకీవీ అనే చోట మాత్రం ఏడు విగ్రహాలు సముద్రం వైపు చూస్తాయి. ముందుగా వచ్చిన ఆ ఏడుగురు కుర్రాళ్ళే వీళ్ళని చెప్పుకుంటారు.

అంత బరువును కొండ నుంచి కిలోమీటర్ల దూరం ఎట్లా తెచ్చారు? వాళ్ళ ఐతిహ్యం ఒకే మాట చెబుతుంది: నడిచి వచ్చాయి. 'మానా' అనే శక్తితో నడిపించారు. దీన్ని తెల్ల పండితులు చాలాకాలం నవ్వి వదిలేశారు. 2012లో హంట్, లిపో అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు టన్నులు దాటిన నమూనా బొమ్మను చేయించి, మూడు తాళ్ళు కట్టి, పద్దెనిమిది మందితో అటూ ఇటూ ఊపించారు. బొమ్మ నిజంగానే అడుగులు వేసింది. ఇది మనకు కొత్త కాదు. 200 లీటర్ల జీవామృతం డ్రమ్మును ఒక్కడే ఎట్లా జరుపుతాడు? కొంచెం వాల్చి, అంచు మీద అటొకసారి ఇటొకసారి తిప్పుతూ నడిపిస్తాడు. ఆ పనే. అన్ని విగ్రహాలూ ఇట్లాగే వచ్చాయని పండితులందరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. కానీ చెట్లన్నీ విగ్రహాల్ని దొర్లించడానికే నరికారు అని మైకులో అరిచిన నాకు ఆ వీడియో చూసినప్పుడు నాలుక కరుచుకోవాల్సి వచ్చింది.

యూట్యూబ్‌లో ఈ దీవి పేరు కొడితే ముందు వచ్చేది గ్రహాంతరవాసులు. వాళ్ళే వచ్చి చెక్కారట. మన దగ్గరా ఇంతే. చిత్తూరు పడమటి మండలాల్లో గుట్టల మీద పెద్ద బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన పాత సమాధులు ఉన్నాయి, వాటిని పాండవుల గుళ్ళు అంటారు. అంత బండ భీముడు తప్ప ఎవరెత్తుతారు అని. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున నిలువురాళ్ళున్నాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. భీముడి కథ చెప్పినా, మానా కథ చెప్పినా నాకు అభ్యంతరం లేదు, అది మన పెద్దల్ని మనం గొప్ప చేసి చెప్పుకోవడం. గ్రహాంతరవాసుల కథ అట్లాంటిది కాదు. దుంపలు పండించుకునేవాడి చేతుల్లో ఇంత పనితనం ఉండదు అనే చిన్నచూపు అది. నేను చెప్పిన 'చెట్లు నరికి చెడ్డ జనం' కథలో కూడా అదే చిన్నచూపు ఉందని ఆ కొండ కింద నిలబడినప్పుడు తెలిసింది.

ఆ కొండ గురించే ఇంకో మాట. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో రానో రరాకు లోపలి మట్టిని పరీక్షించారు. చెక్కినప్పుడు రాలిన రాతి పొడి, నీరు కలిసి ఆ మట్టి దీవిలో మిగతా చోట్ల కన్నా సారవంతమైందని, అక్కడ గెనుసు గడ్డ, అరటి, చామ పండించిన ఆనవాళ్ళు ఉన్నాయని తేలింది. అంటే శిల్పుల పని జరిగే చోటే చేనూ ఉంది.

రెండో రోజు పొద్దున గైడమ్మ మమ్మల్ని విగ్రహాలేవీ లేని ఒక వాలు మీదికి తీసుకుపోయింది. చూడడానికి అది ఒట్టి రాళ్ళ నేల. పిడికిలంత నుంచి తలకాయంత దాకా నల్లరాళ్ళు చేను మొత్తం పరిచినట్టున్నాయి. నేను మర్యాదకు ఏమీ అనలేదు గానీ, ఈ బంజరు ఎందుకు చూపిస్తోంది అనుకున్నాను. ఆమె వంగి రెండు రాళ్ళు పక్కకు జరిపి, కింద చెయ్యి పెట్టి చూడమంది. పైన ఎండ, ఉప్పుగాలి. కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. వేలు దిగింది.

అవి కొట్టుకొచ్చిన రాళ్ళు కావు. మనుషులు మోసి, పగలగొట్టి, పరిచినవి. వాళ్ళ తాతముత్తాతల చేలు అవి. ఆ దీవిలో వాన మన వైపు పడేంత పడుతుంది, వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. కానీ ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. అగ్నిపర్వతపు నేల పడిన నీళ్ళు పడినట్టు తాగేస్తుంది. గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. చెట్లు తగ్గిపోయాక ఆ గాలికి అడ్డు లేకుండా పోయింది. అప్పుడు వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. చేలో రాళ్ళు పరిచి సందుల్లో దుంపలు నాటారు. రాయి తేమను ఆపుతుంది, గాలికి మట్టి లేవకుండా చూస్తుంది, పగటి వేడిని పట్టుకుని రాత్రి చలికి కొంచెం కొంచెం వదులుతుంది. కొత్తగా పగలగొట్టిన రాయి వానకు నెమ్మదిగా అరిగి పొటాష్, భాస్వరం లాంటివి నేలకు ఇస్తుంది. పాలేకర్ గారు మనకు నేర్పిన ఆచ్ఛాదనలు మూడు: మట్టి, గడ్డి, సజీవ ఆచ్ఛాదన. వీళ్ళది నాలుగోది.

అరటికి, చెరుకుకు ఇంకో ఏర్పాటు ఉంది. గుండ్రంగా రాతి గోడ కట్టి, లోపలి నేల కొంచెం పల్లంగా ఉంచి మొక్కలు పెడతారు. దాన్ని మానవాయి అంటారు. దీవిలో ఇట్లాంటివి 2,500కు పైగా లెక్కపెట్టారు. ఒకదాంట్లోకి దిగాను. బయట మాట వినబడనంత గాలి, లోపల అరటాకు కూడా చీలకుండా నిలబడి ఉంది. మన పొలాల్లో కొత్త అరటి తోట గాలికి ఎట్లా పీలికలవుతుందో మీకు తెలుసు.

అప్పుడు ఆమె అడిగింది, మీ చేలో రాళ్ళున్నాయా అని.

"ఉండేవి. జేసీబీ పెట్టి తీయించేశాను" అన్నాను.

అమ్మాయి ఆ మాట స్పానిష్‌లో చెప్పడానికి కొంచెం వెనకాడింది. చెప్పాక ఆమె నవ్వలేదు, ఏమీ అనలేదు. ఇంకో రాయి యథాస్థానంలో పెట్టి ముందుకు నడిచింది.

మా సత్యవేడు మిట్ట చేలు చూసినవాళ్ళకు తెలుసు, ఎర్రమట్టిలో గుండ్రాళ్ళు. ఎంత ఏరినా మళ్ళీ పైకి తేలతాయి. భూగర్భ శాస్త్రంలో ఈ రాళ్ళ పొరకు మా ఊరి పేరే పెట్టారు. సరిహద్దు దాటి తమిళనాడులో అడుగుపెడితే అత్తిరంపాక్కం ఉంది. అక్కడ 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పాతరాతి యుగం గొడ్డళ్ళు గుర్తించాడు. ఇట్లాంటి గుండ్రాళ్ళనే చెక్కి మనుషులు లక్షల ఏళ్ళ కిందట పనిముట్లు చేసుకున్న సీమ ఇది. నేను వాటిని లోడు లెక్కన అమ్మాను.

2017లో ఎకరంన్నర మిట్ట శుభ్రం చేయించాను. రెండు రోజులు జేసీబీ పనిచేసింది. అప్పటికే చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, లేఅవుట్లు వచ్చి రాయికీ గ్రావెల్‌కీ ధర ఉంది. సగం అమ్మాను, సగం గట్టున కుప్ప పోయించాను. మా నాయన అప్పుడు ఉన్నాడు. "రాయి తీస్తే నేల ఎండిపోతాదిరా, రాయి కిందే గదరా చెమ్మ ఉండేది" అన్నాడు. నేను శిక్షణలిచ్చేవాణ్ణి గదా, ఆయనకు ఆచ్ఛాదన గురించి పాఠం చెప్పాను. ఆ ఏడాది కార్తీకంలో తుపాను వానకు ఎర్రనీళ్ళు గండి కొట్టుకుని పక్క కయ్యల్లోకి పోయాయి. తర్వాత ఎన్ని విడతలు ఘనజీవామృతం వేసినా, నవధాన్యాలు చల్లినా, పక్కన రాళ్ళున్న చేలో వచ్చినంత పచ్చదనం నా చేలో రాలేదు. కారణం నాకు తెలుసు. ఒప్పుకోవడానికి పసిఫిక్ దాకా పోవాల్సి వచ్చింది.

సరే, నా సంగతి పక్కన పెడదాం. మరి ఆ దీవి జనం ఏమయ్యారు? వాళ్ళకై వాళ్ళు చచ్చిపోలేదా?

1722లో రోగెవీన్ వచ్చేనాటికి చెట్లు చాలావరకు పోయి ఉన్నాయి. అప్పటికీ నేల సారమైందని, అరటి, చెరుకు, గెనుసు గడ్డ పండుతున్నాయని అతనే రాసుకున్నాడు. జనం కోళ్ళు, అరటిగెలలు తెచ్చిచ్చారు. అతని మనుషులు తుపాకులు కాల్చి పది పన్నెండు మందిని చంపారు. పెద్ద దెబ్బ 1862లో పడింది. పెరూ నుంచి వచ్చిన ఓడలవాళ్ళు దాదాపు 1,500 మందిని బానిసలుగా పట్టుకుపోయారు. గొడవలయ్యాక వెనక్కి పంపిన కొద్దిమందితో మశూచి దీవిలోకి వచ్చింది. 1877 నాటికి మిగిలింది 111 మంది. ఈ అంకె ఒక్కసారి ఆగి చదవండి. దీన్ని నేను ఏ శిక్షణలోనూ చెప్పలేదు, ఎందుకంటే నేను చదవలేదు. నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు.

1888లో చిలీ దేశం దీవిని కలుపుకుంది. ఆ రోజు గురించి వాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. దీవి పెద్ద ఆతాము తెకెనా ఒక గడ్డి దుబ్బును మట్టితో సహా పెకిలించి, గడ్డిని చిలీ అధికారి చేతికిచ్చి, మట్టిని తన దగ్గర ఉంచుకున్నాడట. గడ్డి మీది, నేల మాది అని. ఆ తర్వాత ఏం జరిగిందంటే, 1903 నుంచి 1953 దాకా ఒక బ్రిటిష్ కంపెనీ, విలియమ్సన్ బాల్ఫోర్, దీవిని గొర్రెల పట్టీ చేసింది. పదుల వేల గొర్రెలు. దీవి మనుషుల్ని హంగా రోవా ఊరి గోడ లోపల పెట్టారు, బయటికి రావాలంటే అనుమతి కావాలి. పాత కట్టడాల రాళ్ళు గొర్రెల గోడలకు పోయాయి. పౌరసత్వం వచ్చింది 1966లో.

నా కథలో ఆఖరి చెట్టు నరికినవాడు ఒకడుండేవాడు, గుర్తుందా? నిజానికి ఆ దీవికే ప్రత్యేకమైన తోరోమీరో అనే చెట్టు ఉండేది. మన కానుగ, అవిసె లాగా కాయజాతి చెట్టే. అది దీవి మీద పూర్తిగా పోయింది 1960 ప్రాంతంలో, గొర్రెల కాలం దాటాక. విత్తనాలు బయటికి చేరి ఉండబట్టి బతికింది, ఇప్పుడు మళ్ళీ నాటుతున్నారు.

తాటిజాతి చెట్ల అడవి మాత్రం అంతకు చాలా ముందే పోయింది. దాన్ని దాచలేం. సాగు కోసం కాల్చారు, నరికారు. పడవల్లో వచ్చిన ఎలుకలు కాయలు తినేసి కొత్త మొక్క లేవనివ్వలేదు అని కొందరు పరిశోధకులు చెబుతారు. చెట్లు పోవడం వల్ల నేల నష్టపోయిందన్నదీ నిజమే. కానీ దాని తర్వాత జనం కూలిపోయారన్నదే నిలబడడం లేదు. 2024లో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకటి ఉపగ్రహ చిత్రాలతో రాతి తోటల్ని కొలిచి, అవి దాదాపు 190 ఎకరాలే ఉన్నాయని, సముద్రపు తిండి కలుపుకుని మూడు వేల మందికి సరిపోతుందని లెక్కవేసింది. ముందు అనుకున్నట్టు పదిహేను వేలో ఇరవై వేలో జనం ఉండి కూలిపోలేదన్నమాట. రెండోది పదిహేను మంది పాత మనుషుల జన్యువులు పరీక్షించి, పదిహేడో శతాబ్దంలో జనాభా కుప్పకూలిన ఆనవాళ్ళు లేవని చెప్పింది. కొద్దిమంది, కొద్ది నేల, రాళ్ళు పరుచుకుని వందల ఏళ్ళు తిన్నారు.

కొవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చి నుంచి 2022 ఆగస్టు దాకా పర్యాటకుల విమానాలు ఆగిపోయాయి. పర్యాటకుల మీద బతికే దీవి అది. అప్పుడు ఏం చేశారని అడిగాను. "మళ్ళీ నాటాం" అంది. 'ఉమాంగా' అని పాత పద్ధతి ఉందట, ఈ రోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. మన ఊళ్ళలో కూలి డబ్బులు రాకముందు అట్లాగే గదా నాట్లు పడింది.

ఇక రాతి ఆచ్ఛాదన మన దగ్గర పనికొస్తుందా అని అడుగుతారు. ఉత్సాహంలో ఎక్కువ చెప్పి మళ్ళీ పదేళ్ళకు ఇంకో క్షమాపణ రాయడం ఇష్టం లేదు. నేను చూసింది ఇంతే. గట్టున మిగిలిన కుప్పలోంచి రాళ్ళు తెచ్చి, సంక్రాంతి తర్వాత ఇరవై నాలుగు మామిడి మొక్కల్లో పన్నెండింటి చుట్టూ పరిచాను. రాళ్ళ కింద మట్టి తేడా వేలికి తెలుస్తోంది. ఆకులు, చెత్త కింద వేసి పైన రాళ్ళు పెట్టిన చోట ఇంకా బాగుంది, చెత్త గాలికి పోదు. వానపాముల విసర్జన అక్కడే ఎక్కువ కనబడింది. తప్పు కూడా చేశాను. రెండు మొక్కల మొదళ్ళకు ఆనించి పెట్టాను, మే ఎండకు మొదలు కాలింది, ఒకటి పోయింది. ఆ దీవిలో మన ఎండ లేదు. మొదలుకు జానెడు దూరం వదలాలి. తేళ్ళుంటాయి, చేత్తో ఎత్తొద్దు, గడ్డపారతో కదిపి చూడండి. వరి మడికి, ట్రాక్టరు తిరిగే చెనక్కాయ చేనుకు ఇది కుదరదు, ఆ మాట అనేవాళ్ళది నిజమే. పండ్ల మొక్కలు, గెనుసు గడ్డ, పాదుల కూరగాయలు, వాలు నేల, వీటికి చేసి చూడొచ్చు. రాయి చెత్తకు బదులు కాదు. రాయి కుళ్ళదు, సూక్ష్మజీవులకు తిండి పెట్టదు. జీవామృతం మానేసి రాళ్ళు పేర్చమని నేను అన్నానని ఎవరూ కామెంట్ పెట్టొద్దు.

నా అభిప్రాయం మాత్రం ఒకటి గట్టిగానే చెప్తాను. చేలో రాయి ఉంటే అది చెడ్డ నేల అనే ఆలోచన మనది కాదు, యంత్రాలది. యంత్రానికి రాయి అడ్డం. మా నాయనకు అడ్డం కాలేదు. మన శిక్షణల్లో భయపెట్టే కథలు మానేద్దాం. రైతులు తెలివి తక్కువగా నాశనమయ్యారనే కథ రైతులకే చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మూడు పాత వీడియోల్లో ఆ భాగం తీసేయించాను. నా మాట విని తన రెండెకరాల మిట్టలో రాళ్ళు తీయించిన రైతు ఒకాయన పక్క మండలంలో ఉన్నాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "లోడ్లన్నీ ఎత్తేసినాక ఇప్పుడు చెప్తావా అన్నా" అన్నాడు. ఏమనను? మా గట్టున కుప్ప ఇంకా ఉంది. వచ్చే వారం రెండు ట్రాక్టర్లు ఆయన చేనికి తోలుతున్నాను. బాడుగ నాదే. నిమ్మ మొక్కల చుట్టూ పరుస్తాం, అక్టోబర్ వానలకు ముందు ఒక వీడియో, తర్వాత ఒక వీడియో పెడతాను.